దొడ్లోకి ఉడుము వస్తే లాబ్రడార్ కదల్లేదు, జోనంగి వదల్లేదు. మీ కుక్కలైతే ఏం చేస్తాయి?

కైకలూరు_కోడలు
నిన్న మధ్యాహ్నం మా దొడ్లోకి ఉడుము వచ్చింది. తోకతో కలిపి నా చెయ్యంత పొడుగుంది. కోళ్ల గూడుకీ మోటారుకీ మధ్య నక్కింది. మాకు రెండు కుక్కలు. చుక్క జోనంగి, ఇక్కడి బాతుల వాళ్ల దగ్గర పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం. బ్రూనో లాబ్రడార్, మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల నుంచీ మాతోనే ఉన్నాడు.

చుక్క దాన్ని చూడగానే కూత మొదలుపెట్టింది. చుట్టూ తిరుగుతుంది, ముందుకు వెళ్తుంది, తోక ఆడిస్తే ఎగిరి వెనక్కి దూకుతుంది, మళ్లీ వెళ్తుంది. నేను పిలిచినా రాలేదు. బ్రూనో మాత్రం గడప దగ్గర చెవులు వెనక్కి పెట్టుకుని పడుకున్నాడు. అరవలేదు, లేవలేదు, చూపు మాత్రం ఉడుము మీదే ఉంది.

మా మామయ్యగారు అదంతా చూశారు. "ఇంత తిండి తిని ఇదా చేసేది, దీన్ని ఎవరికైనా ఇచ్చేయండి" అంటున్నారు. చెరువు దగ్గర కాపలాకి మా చిన్నమామగారికి పంపించేద్దామంటున్నారు. నాకు నిద్ర పట్టలేదు. బ్రూనోకి ఏమైనా జబ్బా? పిరికితనమా? చుక్కని అలా వదిలేయొచ్చా, కట్టేయాలా? ఇంట్లోకి ఇలాంటివి వచ్చినప్పుడు మీ కుక్కలు ఏం చేశాయో చెప్పండి.

సీమ_రాజపాళ్యం
మామయ్యగారు అన్నదాంట్లో తప్పేముందండీ? ఇంటి మీదకి ఏదైనా వస్తే లేవని కుక్క కుక్కేంటి. ఈ విదేశీ జాతులు ఏసీ గదులకి బాగుంటాయి. మా రాజపాళ్యం అయితే ఉడుము గేటు దాటేలోపే తేల్చేసేవాడు.

బుజ్జి_అమ్మ
ఇచ్చేయడం ఏంటండీ పాపం! పైగా చెరువు గట్టు మీదకి. అక్కడ ఉడుములూ నీరుకట్టెలూ ఇంకా ఎక్కువ. ఇంట్లోనే భయపడినవాణ్ని అక్కడ ఒంటరిగా వదిలేస్తారా?

కొల్లేటి_బాతులు
చుక్క కూసిందన్నారు చూడండి, అది జోనంగి లక్షణం. మామూలు కుక్కలా మొరగవు, గొంతు సాగదీసి కూస్తాయి. మా తాతల కాలం నుంచీ బాతుల మందలతో తిరిగేది ఇవే. నక్క వచ్చినా ఉడుము వచ్చినా గుడ్లకీ పిల్లలకీ వస్తాయి కాబట్టి వాటిని దూరం తోలడం వీటి పని. చుట్టూ తిరగడం, దూకి వెనక్కి రావడం ఎవరూ నేర్పలేదు. మందతో పెరిగిన తల్లి కడుపున పుట్టింది కదా.

మీ ఇంటికి ఉడుము ఎందుకొచ్చిందో కూడా అందులోనే ఉంది. కోళ్ల గూడు. గుడ్లు ఎప్పటికప్పుడు తీసేయండి, గూడు అడుగున కన్నాలుంటే సన్న ఇనప మెష్ కొట్టించండి. తిండి దొరక్కపోతే మళ్లీ రాదు.

పశువుల_డాక్టర్
కైకలూరు గారూ, ముందు మీరు నిశ్చింతగా పడుకోండి. బ్రూనో చేసింది పూర్తిగా మామూలు విషయం.

కుక్కకి కొత్త జంతువు కనబడితే మూడు దారులు. మీద పడటం, పారిపోవడం, కదలకుండా ఉండిపోవడం. మీవాడు మూడోది ఎంచుకున్నాడు. చెవులు వెనక్కి పెట్టి, చూపు తిప్పకుండా పడుకున్నాడంటే ప్రమాదాన్ని గుర్తించాడనే అర్థం. పట్టించుకోలేదని కాదు.

జాతి సంగతి కూడా చూడాలి. లాబ్రడార్ల పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట ఉండేవి. ఇంగ్లండ్‌లో వాటిని వేటలో పడిన పిట్టని నోట కరుచుకుని, పంటి గాటు పడకుండా తెచ్చి యజమాని చేతిలో పెట్టే పనికి పెంచారు. ఎదురుతిరిగే జంతువుతో పోరాడటానికి కాదు. తరతరాలుగా మెత్తటి నోరు ఉన్నవాటినే ఎంచి ఎంచి పెంచితే, ఇప్పుడు ఉడుముని ఎందుకు పట్టలేదని అడగడం న్యాయం కాదు.

ఒక్కటి మాత్రం చూడండి. మామూలుగా కూడా డల్‌గా ఉంటున్నాడా? తిండి తగ్గిందా? లేచేటప్పుడు వెనక కాళ్లు ఇబ్బంది పెడుతున్నాయా? లాబ్రడార్లకి తుంటి కీళ్ల సమస్య ఎక్కువ. గోమార్ల వల్ల వచ్చే జ్వరాల్లో కూడా కుక్క ఇలాగే మూల పడుకుంటుంది. చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి. అవేమీ లేకపోతే వాడికి ఏ జబ్బూ లేదు.

సీమ_రాజపాళ్యం
డాక్టరుగారూ, మీ చదువు మీద గౌరవం ఉంది. కానీ మా పల్లెల్లో కుక్కని పెంచేదే కాపలాకి. మావాడు ఇప్పటికి ఎన్ని పాముల్ని చంపాడో లెక్క లేదు. వేరుశనగ చేలో ఇల్లు మాది, చిన్నపిల్లలు తిరుగుతుంటారు. కుక్క చంపకపోతే పిల్లల్ని ఎవరు కాపాడతారు?

పాములు_పడతా
అన్నా, పిల్లల గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. నేను చేసేది పాముల్ని పట్టి వదిలే పనే, అందుకే ఇది చెప్పాల్సి వస్తోంది. కుక్కలు చంపిన పాము అని ఫోన్ చేసి పిలిచిన చోట నేను చూసినవాటిలో ఎక్కువ జెర్రిపోతులే. వాటికి విషం లేదు. పొడుగ్గా ఉంటాయి, పగలు తిరుగుతాయి, వేగంగా పారిపోతాయి, అందుకే కుక్క కంటపడతాయి. మీ చేలో ఎలుకల్ని తినేది అవే.

రక్తపింజర అలా పారిపోదు. చుట్ట చుట్టుకుని ప్రెషర్ కుక్కర్ విజిల్‌లా బుస కొడుతూ అక్కడే ఉంటుంది. కుక్క మూతి దగ్గర పెడితే కాటు ముఖం మీదే. కట్లపాము రాత్రి పూట వస్తుంది, కాటు నొప్పి కూడా తెలియదు. వంద జెర్రిపోతుల్ని చంపిన కుక్కకి ఒక్క రక్తపింజర చాలు. మీవాడు మంచివాడు, బతకాలి. చంపినప్పుడు మెచ్చుకోవడం మానేయండి, అదొక్కటే నేను అడిగేది.

అనకాపల్లి_జీడితోట
పైన తమ్ముడు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా సింగం నాటుకుక్క, తోటకి వాడే దిక్కు. వానల్లో సాయంత్రం కట్టెల మోపు దగ్గర నాగుపాము పడగ విప్పింది. వాడు దాన్ని చంపేశాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటూ అన్నం పెట్టాం. తినలేదు. కాసేపటికి చొంగ కారింది, కళ్ల రెప్పలు వాలిపోయాయి, తాగినవాడిలా తూలాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే విరుగుడు ఇంజెక్షన్ లేదన్నారు. ఇంకో ఊరికి వెళ్లే దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

కైకలూరు చెల్లెమ్మా, కదలకుండా పడుకున్న బ్రూనో మీ అదృష్టం. ఎవరికీ ఇవ్వకండి.

బుజ్జి_అమ్మ
చదువుతుంటే ఏడుపొచ్చింది అక్కా. సింగం మంచివాడు.

ఆస్టిన్_తెలుగోడు
మాకు ఇక్కడ టెక్సాస్‌లో స్కంక్‌ల బెడద. పిల్లి అంత ఉంటుంది, నల్లటి ఒంటి మీద తెల్ల చార. మా పప్పీ రాత్రి పెరట్లో దాని వెనకాల పడింది, అది తిరిగి తోకెత్తి కంపు ద్రవం చిమ్మింది. ఆ కంపు మాటల్లో చెప్పలేను. ఇల్లంతా పట్టేసింది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, గ్యాస్ లీకయిందని అందర్నీ బయటికి తీసుకొచ్చేసింది!

టమాటా రసంతో రుద్దమని చాలామంది చెప్తారు. దానివల్ల కంపు పోదు. పనిచేసేది ఇది: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దాదాపు లీటరు, పావు కప్పు బేకింగ్ సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒకటి రెండు చెంచాలు. అప్పటికప్పుడు కలిపి కళ్లలో పడకుండా రుద్ది, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. కలిపింది సీసాలో పోసి మూత పెట్టకూడదు, గ్యాస్ పుట్టి పేలుతుంది. ఇంకోటి, ఇక్కడ స్కంక్‌లకి రేబిస్ ఉంటుంది. అందుకే వాసన పోయిందా లేదా అన్నదానికంటే ముందు పంటి గాటు ఉందా అని చూశాం.

కైకలూరు_కోడలు
అందరికీ థాంక్స్. బ్రూనో చెవుల్లో రెండు మూడు గోమార్లు కనిపించాయి డాక్టరుగారూ, రేపు చూపిస్తాం. తిండి బాగానే తింటున్నాడు.

ఒక విషయం రాయలేదు. చుక్క కూతకి పక్కింటి వాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. "ఉడుముని పట్టి ఇచ్చేయండి, కూర వండుకుంటాం, దాని నూనె నడుం నొప్పికి మంచిది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. చుక్కని బలవంతంగా ఎత్తుకుని లోపల పెట్టి తలుపు వేశాను. కాసేపటికి ఉడుము మురికి కాలవలోంచి చెరువు వైపు వెళ్లిపోయింది. ఇప్పుడు వాళ్లు నాతో మాట్లాడటం లేదు. నేను చేసింది సరైనదేనా?

పాములు_పడతా
నూటికి నూరుపాళ్లు సరైనది అక్కా. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. పులికి ఎంత రక్షణో దానికీ అంతే. చంపినా, పట్టినా, మాంసం దగ్గర ఉన్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మీరు ఆ పక్కింటి వాళ్లని కూడా కాపాడినట్టే. ఈ మాట వాళ్లకి నెమ్మదిగా చెప్పి చూడండి, చాలామందికి నిజంగా తెలియదు.

నూనెతో నడుం నొప్పి తగ్గదు. ఉడుముకి మనిషిని చంపే విషమూ లేదు. దాని ఆయుధాలు గోళ్లు, తోక, దవడ. తోకతో కొరడాలా కొడుతుంది, కుక్క కంటికి తగిలితే కన్ను పోవచ్చు. కరిస్తే మాత్రం ఉడుము పట్టు అని ఊరికే అనలేదు, వదలదు. లాగితే చర్మం చీలుతుంది. ఎలుకల్ని, పాము గుడ్లని తినే జంతువు, దాని దారిన దాన్ని పోనిస్తే అందరికీ మంచిది.

నల్లమల_పిల్లోడు
మాకు ముళ్లపందులు. మా వాళ్లు ఏదుపంది అంటారు. చిలగడదుంప చేలోకి రాత్రి వస్తాయి. అది ముళ్లు విసురుతుందని పెద్దవాళ్లు చెప్తారు గానీ విసరదు. వెనక్కి తిరిగి వేగంగా వచ్చి గుచ్చుతుంది. తరుముతున్న కుక్క తనంతట తనే వచ్చి పొడుచుకున్నట్టు అవుతుంది. మా కుక్కకి రొమ్ము మీద, ముఖం మీద దిగాయి. మా బాబాయి లాగబోతుంటే ఆపాను. ముల్లు సగంలో విరిగితే లోపలి ముక్క చీము పట్టి ఇంకా లోపలికి పోతుంది. డాక్టరు మత్తు ఇచ్చి ఒక్కోటి తీశారు. ఒకటి ఊపిరితిత్తికి దగ్గరగా ఉందట.

భీమవరం_రొయ్యలు
మా చెరువుల దగ్గర నీటికుక్కలు గుంపుగా వస్తాయి. మా రెండు కుక్కలు ఒకసారి వాటి జోలికి వెళ్లాయి. అవి నీళ్లలోకి దిగి తలలెత్తి కీచుగా అరుస్తూ ఎదురు నిలబడ్డాయి. మావి గట్టు మీదే ఆగిపోయాయి. నీళ్లలో వాటిదే రాజ్యం.

నా అనుమానం వేరేది. వాన పడిన రాత్రి మా పిల్లకుక్క బుడిపెల కప్పని నోట కరిచి వెంటనే ఉమ్మేసింది. నురగలు నురగలు. పాము కరిచిందేమో అని టెన్షన్‌తో ప్రాణాలు పోయాయి. తర్వాత సర్దుకుంది. అది కప్ప వల్లేనా డాక్టరుగారూ?

పశువుల_డాక్టర్
అవును, కప్ప వల్లే. ఆ బుడిపెల కప్పకి కళ్ల వెనక ఉన్న గ్రంథుల్లోంచి పాలలాంటి విషం వస్తుంది. చిగుళ్లకి తగిలితే నురగ కారుతుంది, కుక్క పంజాతో మూతి గీరుకుంటుంది. తల కిందికి వంచి, పక్క నుంచి నీళ్లు పోస్తూ నోరు కడగాలి. గొంతులోకి పోయకూడదు. పిల్లకుక్కల్లో గుండె కొట్టుకోవడం దెబ్బతినొచ్చు. వణుకు, తూలు, ఫిట్స్ కనబడితే ఆలస్యం చేయకుండా తీసుకురండి.

పాము సంగతి కూడా ఇక్కడే రాస్తాను, జీడితోట అక్క రాసింది చదివాక రాయకుండా ఉండలేను.

నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. రెప్పలు వాలడం, చొంగ, గొంతు మారడం, వెనక కాళ్లు పట్టు తప్పడం, చివరికి ఊపిరి అందకపోవడం. నాగుపాము కాటు చోట వాపు కూడా ఉంటుంది. రక్తపింజర, చిన్నపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కరిచిన చోట చూస్తుండగానే వాపు, నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం ఎర్రగా రావడం. అందుకే శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందో లేదో చూస్తాం. కట్టకపోతే పింజర అని అనుమానం బలపడుతుంది.

మన దేశంలో దొరికే విరుగుడు మందు ఈ నాలుగు పాములకీ కలిపి తయారుచేసిందే. మనుషులకి వాడేదే కుక్కకీ వాడతాం. కుక్క చిన్నది కదా అని మందు తగ్గించలేం, ఎందుకంటే విరుగుడు ఇచ్చేది ఒంట్లో చేరిన విషానికి, కుక్క బరువుకి కాదు.

ఇంట్లో చేయాల్సింది తక్కువ. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని బండి ఎక్కించాలి. మెడపట్టీ తీసేయాలి, ముఖం వాస్తే అది గొంతుని బిగిస్తుంది. కట్టు బిగించడం, కోయడం, పసుపు నూరి పెట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. నొప్పికి మన మాత్రలు అసలే వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుళ్లు చేసి రక్తం పోయేలా చేస్తాయి, కిడ్నీలూ దెబ్బతింటాయి. పామును వెతుకుతూ టైమ్ పోగొట్టకండి. వీలైతే దూరం నుంచి ఫోటో తీయండి, చాలు.

శంషాబాద్_చెరువుగట్టు
చిరుత గురించి ఎవరూ రాయలేదేంటి? 2020 లాక్‌డౌన్‌లో మా వైపు మైలార్‌దేవ్‌పల్లి రోడ్డు మీద పట్టపగలు చిరుత పడుకుని కనిపించింది గుర్తుందా? ఆ రోజు వీధికుక్కలు దాన్ని చుట్టుముట్టిన వీడియో అందరూ చూశారు. అక్టోబరులో రాజేంద్రనగర్ వైపు బోనులో పట్టారు. ఆ నెలలన్నీ మేము సాయంత్రం కాగానే మా కుక్కల్ని లోపల పెట్టి తాళం వేసేవాళ్లం.

గుంపుగా ఉన్నప్పుడు కుక్కలు ధైర్యంగా ఉంటాయి. కానీ గొలుసుతో కట్టేసిన ఒంటరి కుక్క చిరుతకి చేతికందిన ఆహారం. అడవి పక్కన ఉన్నవాళ్లు దయచేసి రాత్రి వరండాలో కట్టేయకండి. పారిపోయే దారి కూడా లేకుండా చేసినట్టవుతుంది.

గుంటూరు_మిర్చి
పాములు రాకుండా ప్రహరీ చుట్టూ కార్బాలిక్ ఆమ్లం చల్లితే సరిపోతుంది కదా? మా వీధిలో అందరూ అదే చేస్తారు. వెల్లుల్లి నీళ్లు కూడా.

పాములు_పడతా
సరిపోదండీ. ఆమ్లం చల్లిన గోడ పక్కనే నేను నాగుపాముని పట్టాను. వాసనతో పాము ఆగదు.

పశువుల_డాక్టర్
పైగా అది కుక్క అరికాళ్లని కాల్చేస్తుంది, నాకితే నోరూ గొంతూ పుండ్లు పడతాయి. దయచేసి వాడకండి. పాము మీ ఇంటికి రావడానికి కారణం ఎలుక. ఎలుక రావడానికి కారణం చాలా ఇళ్లలో రాత్రంతా గిన్నెలో వదిలేసే కుక్క అన్నం. తినగానే గిన్నె తీసి కడిగేయండి, కట్టెల మోపు, ఇటుకల గుట్ట గోడకి దూరంగా పెట్టండి. వరి కోతలప్పుడు ఇంకా జాగ్రత్త, పొలంలో చోటు పోయిన ఎలుకలూ వాటి వెనక పాములూ ఇళ్ల వైపు వస్తాయి.

సీమ_రాజపాళ్యం
గొలుసు మాట నిజమే. సరే, నాకు ఒకటి చెప్పండి. మావాడికి వేట రక్తంలోనే ఉంది. పాముని చూస్తే నా మాట వినడు. అలాంటివాణ్ని వెనక్కి పిలవడం ఎలా?

కొల్లేటి_బాతులు
మేము బాతుల దగ్గర చేసేది చెప్తాను అన్నా. అసలైన జంతువు ముందు నేర్పితే ఏ కుక్కా నేర్చుకోదు. ముందు ఇంట్లో, తిండి గిన్నె ముందు "వద్దు" అంటే ఆగడం నేర్పాలి. ఆగితే అంతకంటే మంచిది, ఎండుచేప ముక్కో ఉడికించిన గుడ్డో చేత్తో పెట్టాలి. తర్వాత వీధిలో, తర్వాత కోడి ముందు, పొడుగు తాడు కట్టి. పిలిస్తే వచ్చినప్పుడు ఎప్పుడూ కొట్టకూడదు. ఆలస్యంగా వచ్చినా సరే. ఒక్కసారి కొడితే రెండోసారి ఎందుకొస్తుంది?

అరుపుల తేడా కూడా గమనించండి. మనిషొస్తే గేటు వైపు పరిగెడుతూ అరుస్తుంది. పామో ఉడుమో ఉంటే ఒకే చోట చూస్తూ ముందుకీ వెనక్కీ ఎగురుతూ అరుస్తుంది. ఆ అరుపు వినగానే టార్చి పట్టుకుని వెళ్లాలి. కుక్క తన పని చేసేసింది, మనకి చెప్పింది. మిగతాది మన పని.

సీమ_రాజపాళ్యం
గుడ్డు అయితే మావాడు దేనికైనా వస్తాడు. రేపటి నుంచే మొదలుపెడతా.

పశువుల_డాక్టర్
రేబిస్ టీకా ఏటా, డిస్టెంపర్ టీకా కూడా తప్పకుండా వేయించండి. ముంగిస, కోతి, నక్క, ఏది గీరినా కరిచినా టీకా ఉందిలే అని ఊరుకోకండి, సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, మళ్లీ ఇంజెక్షన్లు వేయించాలి. టీకా మన కుక్క కోసమే కాదు. 2018లో గిర్ అడవిలో సింహాలు డిస్టెంపర్ వైరస్‌తో చనిపోయాయి. అది కుక్కల్లో ఉండే వైరసే. మన దొడ్లోకి వచ్చే నక్కకీ మానుపిల్లికీ మన కుక్క నుంచి జబ్బు అంటొచ్చు.

కైకలూరు_కోడలు
ఇది మొత్తం ప్రింట్ తీసి మామయ్యగారికి ఇచ్చాను. సింగం గురించి చదివి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చుక్కకి కూడా ఆ వద్దు అనేది నేర్పించు" అన్నారు. బ్రూనోని పంపించే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇవాళ మా చుట్టుపక్కల ఆసుపత్రులకి ఫోన్ చేసి పాము విరుగుడు మందు ఉందా అని అడిగాను. ఒకచోట లేదన్నారు. ఒకచోట మెడికల్ షాపు నుంచి తెచ్చుకుంటే వేస్తామన్నారు. మందు ముందే కొని ఇంట్లో పెట్టుకోవచ్చా డాక్టరుగారూ?

పశువుల_డాక్టర్
ఇంట్లో పెట్టుకోవద్దమ్మా. నరానికి ఎక్కించాలి, కొన్ని కుక్కలకి అలర్జీ వచ్చి ప్రాణం మీదకి వస్తుంది, పక్కనే దానికి మందు సిద్ధంగా ఉండాలి. మీరు చేసిన పని చాలా మంచిది. ఇంకొంచెం చేయండి. ఏ మెడికల్ షాపులో ఎప్పుడూ స్టాకు ఉంటుంది, రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది, ఏ డాక్టరు రాత్రి కూడా చూస్తారు, ఇవి కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించండి. 1962 నంబరు కూడా రాసుకోండి, సంచార పశువైద్య బండికి. పాము కాటుకి మాత్రం బండి కోసం ఎదురుచూడకుండా మీరే బయల్దేరండి.

అనకాపల్లి_జీడితోట
మా ఇంట్లో ఇప్పుడు ఆ కాగితం ఉంది. అందరూ ఇవాళే రాసుకోండి.

గుంటూరు_మిర్చి
ఆమ్లం డబ్బా ఎలా పారేయాలి? కాలవలో పోయొచ్చా?

పాములు_పడతా
కాలవలో వద్దండీ, చేపలు చస్తాయి. మూత గట్టిగా బిగించి, పిల్లలకీ కుక్కలకీ అందని చోట పెట్టి, కొన్న షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే మున్సిపాలిటీ చెత్త బండి వాళ్లకి విషం అని చెప్పి విడిగా ఇవ్వండి.